అనంతపురం కరవు సీమలో మార్కుల హెచ్చుతగ్గులు

ఒకే స్థాయి పిల్లలకు ఒకే తీరు ప్రశ్నలు ఇచ్చి, ఒకే పద్ధతిలో దిద్ది, వచ్చిన మార్కులను పోల్చడానికి వీలుగా జరిపేదాన్ని ప్రామాణిక పరీక్ష అంటారు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష, జాతీయ సాధన సర్వే, ఊరూరా తిరిగి ఇంటి దగ్గరే పిల్లలచేత చదివించి చూసే ‘అసర్’ సర్వే కాస్త అటూఇటుగా ఈ కోవలోవే. నిరుటి ఫలితానికీ ఈ ఏటి ఫలితానికీ తేడా కనబడినప్పుడు అందులో పిల్లల చదువు వల్ల వచ్చింది ఎంత, పరీక్ష మారడం వల్ల వచ్చింది ఎంత, పరీక్షకు కూర్చున్న పిల్లలే వేరు కావడం వల్ల వచ్చింది ఎంత అని విడదీసి చూడటం ఈ వ్యాసం విషయం. అనంతపురం పీఠభూమి మీద ఈ లెక్కలోకి ఇంకొకటి కూడా వచ్చి చేరుతుంది. అది వాన.

పడమటి కనుమలకు వానచాటున ఉన్న ఈ నేల మీద ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. నైరుతి మేఘాలు కనుమల అవతలే బరువు దించుకుంటాయి, ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఎర్రనేలల్లో వానాధారంగా వేసే శనక్కాయ మీదే తరాలుగా బతుకు. ఆ పంట పోతే బెంగళూరుకో కేరళకో వలస. బడిలో హాజరుపట్టీ కూడా ఈ వలసతోపాటే పెరిగి తరుగుతుంది.

2022 ఫలితం చెప్పినదీ చెప్పనిదీ

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు రాష్ట్ర ఉత్తీర్ణత 67.26 శాతం. అంతకుముందు చివరిసారిగా పరీక్ష జరిగిన 2019లో అది 94.88 శాతం. 13 జిల్లాల్లో ప్రకాశం 78.30 శాతంతో ముందుంటే, అనంతపురం 49.70 శాతంతో చిట్టచివర నిలిచింది. ఇద్దరిలో ఒకరు తప్పారన్న మాట జిల్లా అంతటా గుప్పుమంది. నేరం ఎవరిదన్న చర్చ మొదలైంది గాని, ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టవచ్చా అన్న ప్రశ్న అంతగా వినబడలేదు. మొదట అడగాల్సింది అదే.

2019లో ప్రతి సబ్జెక్టులోనూ 20 మార్కులు ఇంటర్నల్స్. వాటిని బడే వేసేది. 2019–20 నుంచి ఆ ఇంటర్నల్స్‌ను తీసేసి, బిట్ పేపరును విడిగా ఇవ్వడం మానేసి, మొత్తం 100 మార్కులనూ రాతపరీక్షకే కేటాయించారు. కరోనా వల్ల 2020లోనూ 2021లోనూ పరీక్షలే జరగలేదు, అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. దాంతో కొత్త పద్ధతిలో రాసిన తొలి జట్టు 2022 వాళ్లే అయ్యారు. వాళ్లు ఎనిమిదో తరగతి చివర్లో ఉండగా బడులు మూతపడ్డాయి, తొమ్మిదో తరగతిలో చాలా భాగం ఇంట్లోనే గడిచింది. పేపర్లు 11 నుంచి 7కు తగ్గాయి. 2023లో మళ్లీ 6 అయ్యాయి. అంటే 94.88కీ 67.26కీ మధ్య ఉన్న 27 పాయింట్ల పైచిలుకు తేడాలో కరోనా ఉంది, తీసేసిన 20 మార్కులూ ఉన్నాయి, పేపర్ల మార్పూ ఉంది. ఒక్క అంకెలో ఇన్ని కలిసిపోయాక దేని వాటా ఎంతో ఆ అంకె నుంచే తేల్చలేం. ఈ కారణంగా ఆ పతనాన్ని పిల్లల సోమరితనంగానో గురువుల నిర్లక్ష్యంగానో చదివినవాళ్లు అంకె చెప్పని మాటను దాని నోట పెట్టారనే అనాలి.

అనంతపురం విషయంలో ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడగొట్టారు. హిందూపురం, కదిరి, ధర్మవరం, పెనుకొండ, మడకశిర, పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లాకు పోయాయి. ఆ ఏటి పదో తరగతి ఫలితాలు పాత 13 జిల్లాల లెక్కనే వచ్చాయి గాని, 2023లో 26 జిల్లాల లెక్క. పేరు అదే అయినా 2023 నాటి అనంతపురం వేరే జిల్లా. కొత్త అనంతపురం అంకెను పట్టుకుని 49.70 మీద ఇంత పెరిగిందని చెప్పాలంటే ముందు రెండు కొత్త జిల్లాల పిల్లలనూ కలిపి లెక్క కట్టాలి.

ఉత్తీర్ణత శాతానికి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటి ఉంది. అది 35 అనే గీతకు అటెవరు ఇటెవరు అని మాత్రమే చూస్తుంది. 40 మంది ఉన్న తరగతిలో 10 మంది 33 మార్కుల దగ్గర ఆగారనుకుందాం. వాళ్లు తలా రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే ఉత్తీర్ణత 25 పాయింట్లు ఎగబాకుతుంది, తరగతి సగటు పెరిగేది అర మార్కు. మరో తరగతిలో 10 మార్కుల దగ్గరున్న పిల్లలు కష్టపడి 25కు చేరితే ఉత్తీర్ణతలో చలనమే ఉండదు. కూడికలే రాని పిల్లవాడికి కూడికలు నేర్పిన గురువు పని ఈ కొలతకు కనబడదు. గీతకు దగ్గర్లో ఉన్నవాళ్లను వేరు చేసి పరీక్షల ముందు సాయంత్రం తరగతులు పెట్టడం బడుల్లో మామూలే. ఆ తరగతులను తప్పుపట్టను, వాటి వల్ల పిల్లలు గట్టెక్కుతారు. కాకపోతే ఆ ఏడాది పెరిగిన శాతాన్ని జిల్లా చదువు పెరిగినట్టుగా చదవకూడదు.

చిన్న బడి, పెద్ద ఊగిసలాట

కరవు మండలాల్లో పల్లె బడులు చాలావరకు చిన్నవి. ఒకే ఒక ఉపాధ్యాయుడితో నడిచేవీ తక్కువేం కాదు. తరగతిలో 12 మంది ఉంటే ఒక్కరు తప్పినా ఉత్తీర్ణత 8 పాయింట్లు పడిపోతుంది. సగటుతో చూసినా అంతే. పిల్లల మధ్య మార్కుల వ్యాప్తిని కొలిచే ప్రామాణిక విచలనం 20 అనుకుంటే, 12 మంది సగటు ఒక ఏటి నుంచి మరో ఏటికి ఏ కారణమూ లేకుండా 8 మార్కుల దాకా ఊగడం సహజం. ఈసారి చేరిన పన్నెండు మంది వేరు, అంతే. 120 మంది ఉన్న బడిలో అదే ఊగిసలాట రెండున్నర మార్కుల దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే మండలంలో మొదటి పేరూ చివరి పేరూ రెండూ చిన్న బడులవే కావడం తరచు జరుగుతుంది. అమెరికాలో థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ 2002లో నార్త్ కరొలైనా బడుల మార్కులను పరిశీలించి ఈ సంగతే చెప్పారు. ఏటా బహుమతులు కొట్టేవీ ఏటా మందలింపులు తినేవీ చిన్న బడులే అవుతున్నాయని, అందులో అదృష్టం పాలు ఎక్కువని తేల్చారు.

దీనికి తోడు సగటు వైపు మరలడం అనే ధోరణి ఉంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులు పోల్చి గుర్తించినది ఇది. ఒకసారి అట్టడుగున తేలిన బడి ఆ ఏడాది నిజంగా బలహీనమైనదీ అయివుంటుంది, దానికి కాలమూ కలిసిరాకపోయి ఉంటుంది. మరుసటి ఏడు బలహీనత అలాగే ఉన్నా కాలం అంత చెడ్డగా ఉండదు కాబట్టి అంకె కొంత లేస్తుంది. చిలీ దేశంలో 1990లో అడుగునున్న 900 బడులకు ప్రత్యేక సాయం చేసే పథకం పెట్టారు. ఆ బడుల మార్కులు బాగా పెరిగినట్టు కనిపించాయి. చేయ్, మెక్‌యూవన్, ఉర్క్యోలా 2005లో లెక్క తిరగేసి, ఆ పెరుగుదలలో అధిక భాగం ఈ మరలడం వల్లనే వచ్చిందని చూపించారు. మన దగ్గర అట్టడుగు బడులను దత్తత తీసుకుని, మరుసటి ఏడాది ఫలితం చూపించి అభినందనలు అందుకునే కార్యక్రమాలన్నిటికీ ఇదే పరీక్ష పెట్టాలి. అంతే అడుగున ఉండి, దత్తతకు నోచుకోని బడులు ఆ ఏడాది ఎంత పెరిగాయి?

ఆంధ్రప్రదేశ్ ప్రయోగశాల

ఆ ప్రశ్నను పద్ధతిగా అడిగిన తావుల్లో ఆంధ్రప్రదేశ్ ప్రపంచంలోనే పేరున్నది. 2005లో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని మూడు ప్రాంతాలకూ చెందిన 5 జిల్లాల్లో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను చీటీల పద్ధతిలో ఎంచి పరిశీలన మొదలుపెట్టాయి. పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. వంద బడుల్లో పిల్లల మార్కులు పెరిగినకొద్దీ ఒక్కో ఉపాధ్యాయుడికి విడిగా, మరో వంద బడుల్లో బడి మొత్తానికి ఉమ్మడిగా బోనస్ ఇచ్చారు. సగటు పెరుగుదల 5 శాతం దాటాక ప్రతి అదనపు శాతానికి 500 రూపాయలు. వంద బడులను ఏమీ ఇవ్వకుండా పోలికకు ఉంచారు. ఇక్కడ ఉత్తీర్ణత గీత పెట్టలేదు, పిల్లలందరి సగటు పెరుగుదలనే లెక్కించారు. గీత పెడితే గురువులు ఆ గీత దగ్గరి పిల్లలనే పట్టించుకుంటారని వాళ్లు ముందే ఊహించారు.

రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు పోలిక బడుల వారి కంటే లెక్కల్లో 0.27, తెలుగులో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. వందమందిని మార్కుల వరుసలో నిలబెడితే నడిమధ్యనున్న పిల్లవాడు లెక్కల్లో పది స్థానాలు, తెలుగులో ఆరేడు స్థానాలు ముందుకు జరిగినట్టు. ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. పోలిక బడుల్లోనూ పిల్లలు ఏడాది పొడవునా ఎంతో కొంత నేర్చుకున్నారు. ఆ బడులే లేకుంటే మొత్తం పెరుగుదలను బోనస్ ఖాతాలో రాసేవాళ్లు. పరీక్షకు పనికొచ్చే బట్టీయేనా అన్న అనుమానానికీ జవాబు సిద్ధం చేసుకున్నారు. ప్రశ్నల్లో పాఠ్యపుస్తకం తీరువీ, అర్థం చేసుకుంటే తప్ప రానివీ విడివిడిగా కూర్చారు. రెండింట్లోనూ పెరుగుదల కనబడింది, బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్ మార్కులు కూడా పెరిగాయి.

ఇదే కార్యక్రమంలోని మరో ముక్క ఇంతకంటే విలువైనదని నాకు తోస్తుంది. కొన్ని బడులకు పిల్లల సామగ్రి కోసం నిధులిచ్చారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి, రెండో ఏడాది ఆ పెరుగుదల నిలిచిపోయింది. జిష్ణు దాస్ తదితరులు 2013లో ప్రచురించిన వివరణ ఇది. మొదటి ఏడు నిధులు వస్తాయని ఇంట్లోవాళ్లకు తెలియదు, రెండో ఏడు తెలిసింది. బడి ఇస్తుందని తెలిశాక నోటుపుస్తకాలకూ పెన్నులకూ ఇంట్లో పెట్టే ఖర్చు తగ్గించి ఆ డబ్బును వేరే అవసరాలకు వాడుకున్నారు. మార్కుల పట్టిక మాత్రమే చూసేవాడికి రెండో ఏడాది పథకం విఫలమైనట్టు కనిపిస్తుంది. కరవు ఇంట్లో ఆ మిగిలిన డబ్బు పప్పూ బియ్యమూ అయివుండవచ్చు.

2008లో మొదలైన, ప్రైవేటు బడి ఫీజుకు సరిపడే వోచర్ల పరిశీలనది ఇంకో పాఠం. 180 ఊళ్లలో లాటరీ తీసి కొందరు పిల్లలను ప్రైవేటు బడులకు పంపారు. నాలుగేళ్ల తర్వాత తెలుగు, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలకూ వీళ్లకూ తేడా లేదు, హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు చాలా ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయమిచ్చి మిగతాది వేరే సబ్జెక్టులకు మళ్లించాయి. ఏ సబ్జెక్టులో పరీక్ష పెట్టామన్నదాన్ని బట్టే గెలుపోటములు మారిపోయాయి.

ఎవరు పెట్టిన పరీక్ష

పరీక్ష ఎవరు పెడితే అంకె ఎవరిదవుతుందన్నది కూడా ఈ రాష్ట్రంలోనే కొలిచారు. పరిశోధకుడు అభిజీత్ సింగ్ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి రెండు వేలకు పైగా బడుల్లో చేసిన ప్రయోగంలో, సొంత ఉపాధ్యాయుల పర్యవేక్షణలో కాగితం మీద రాసిన పరీక్ష పిల్లల స్థాయిని బాగా ఎక్కువ చేసి చూపింది. బయటివాళ్లు ట్యాబ్ మీద పెట్టిన పరీక్ష మార్కులు తక్కువగా, స్వతంత్రంగా మళ్లీ పరీక్షించి చూసినదానికి దగ్గరగా వచ్చాయి. కాగితం నుంచి ట్యాబ్‌కు మారిన ఏడాది సగటు పడిపోతే అది చదువు దిగజారడం కాదు, అంతకుముందున్న వాపు తగ్గడం. ఇందులో ఉపాధ్యాయులను మాత్రమే నిందించడం నాకు న్యాయంగా తోచదు. తక్కువ మార్కులు పంపితే సంజాయిషీ, ఎక్కువ పంపితే శభాషీ ఉన్నచోట అంకె ఉబ్బకుండా ఎలా ఉంటుంది? ఒక సామాజిక కొలతను నిర్ణయాలకు ఎంత ఎక్కువగా వాడితే అది అంత ఎక్కువగా చెడుతుందని డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలోనే సూత్రీకరించాడు.

వాన లెక్క

మనీషా షా, బ్రైస్ స్టైన్‌బర్గ్ దేశమంతటి ‘అసర్’ మార్కులను జిల్లాల వర్షపాతంతో కలిపి చూసి 2017లో ప్రచురించిన ఫలితం మొదట వింటే నమ్మబుద్ధి కాదు. వానలు బాగా పడిన ఏడాది పిల్లల లెక్కల మార్కులు తగ్గుతున్నాయి, కరవు ఏడాది పెరుగుతున్నాయి. కారణం పల్లె తెలిసినవాళ్లకు వెంటనే అందుతుంది. వానలుంటే పొలంలో పనుంటుంది, కూలి రేటు పెరుగుతుంది, పెద్దలు చేలోకి పోతే చిన్నవాళ్లు ఇంటిపనికో, వాళ్లూ చేలోకో పోతారు. పని లేని ఏడాది పిల్లవాడు బళ్లో ఉంటాడు. అదే పరిశోధనలో రెండో సగం ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా మంచి వానలు చూసిన పిల్లలు పెద్దయ్యాక మెరుగైన మార్కులు తెచ్చుకున్నారు. పసితనంలో కరవు చూసినవాళ్లు వెనకబడ్డారు. ఒకే కరవు ఒక పిల్లవాడి ఈ ఏటి మార్కును కాస్త పెంచుతూనే, వాడి చెల్లెలి పదేళ్ల తర్వాతి మార్కును తగ్గిస్తుందన్నమాట.

దీన్ని అనంతపురానికి యథాతథంగా అతికించకూడదు. పని లేక పిల్లవాడు బడికి పోవడం, కుటుంబం ఊళ్లోనే ఉంటే జరిగే సంగతి. ఇక్కడ కరవు ముదిరితే ఇంటికి తాళం పడుతుంది. ఇక్కడి కుటుంబాలు నగరాల్లో కట్టుబడి పనులకు పోతాయి. వలస కుటుంబాల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టళ్లు తెరుస్తారు గాని, అందరూ అందులో ఉండరు. సర్వేవాళ్లు వచ్చిన రోజు తాళం వేసిన ఇంటి పిల్లవాడి మార్కు ఎక్కడా పడదు. వెనకబడిన పిల్లలు ఎక్కువగా వలసపోతే, మిగిలినవాళ్ల సగటు ఎవరూ ఏమీ నేర్వకుండానే పెరుగుతుంది. కాబట్టి ఈ జిల్లాల్లో సగటు మార్కు పక్కన నమోదైనవారు ఎందరు, పరీక్ష రాసినవారు ఎందరు అన్న రెండు అంకెలు లేకపోతే ఆ సగటుకు అర్థం సగమే.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలోనే. దాని ప్రభావం మీద కూడా మార్కులు రెండు రకాలుగా మాట్లాడాయి. దేశమంతటి లెక్కలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు చదువు వదిలి పనికి, ఇంటి చాకిరికి మళ్లారని షా, స్టైన్‌బర్గ్ చూపారు. ఆంధ్రప్రదేశ్ పిల్లలనే ఏళ్లతరబడి వెంట నడిచి చూసిన లెక్కలో, తల్లి ఉపాధి పనికి పోయిన ఇళ్లలో పిల్లలు బడిలో గడిపే సమయం పెరిగిందని ఫర్జానా అఫ్రిది తదితరులు చూపారు. రెండూ నిజం కావడానికి అడ్డేమీ లేదు. వయసులు వేరు, పోలికలు వేరు, పథకం అమలైన తీరు రాష్ట్రానికో రకం.

ఒకే పిల్లల వెంట పదిహేనేళ్లు

అఫ్రిది తదితరుల లెక్కకు ఆధారమైనది ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతోపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో దీన్ని మొదలుపెట్టింది. హైదరాబాదులోని ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం, తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇందులో భాగస్వాములు. ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. 2001–02లో పుట్టిన 2,000 మంది పిల్లలను, 1994–95లో పుట్టిన 1,000 మందిని ఎంచి, కొన్నేళ్లకోసారి వాళ్ల ఇంటికే పోయి పరీక్షిస్తూ వచ్చారు. వలసపోయినవాళ్లను వెతికి పట్టుకున్నారు. బడి మానేసినవాళ్లూ లెక్కలో ఉన్నారు.

అందువల్ల ఈ అధ్యయనం చెప్పిన ఒక చేదు మాటను తోసిపుచ్చడం కష్టం. 2006లో 12 ఏళ్ల పెద్ద జట్టు పిల్లలకు ఇచ్చిన లెక్కల ప్రశ్నల్లో కొన్నింటినే 2013లో 12 ఏళ్లకు వచ్చిన చిన్న జట్టుకూ ఇచ్చారు. చిన్న జట్టు వాళ్లే తక్కువ చేశారు. మామూలుగా ఇలాంటి పతనానికి ఒక ఊరట ఉంటుంది. గతంలో బడికి రాని పేద పిల్లలు ఇప్పుడు వస్తున్నారు కనుక సగటు తగ్గిందని అనుకోవచ్చు. బడితో సంబంధం లేకుండా ఇంటి దగ్గర పరీక్షించారు కాబట్టి ఆ ఊరట ఇక్కడ చెల్లదు. ప్రశ్నలూ అవే కాబట్టి పేపరు కష్టమైందన్న మాటా చెల్లదు. రెండు పరీక్షల్లో ఉమ్మడి ప్రశ్నలు ఉంచి, వాటి ఆధారంగా రెండింటినీ ఒకే కొలబద్ద మీదికి తేవడాన్నే నిపుణులు అనుసంధానం అంటారు. మన పదో తరగతి పరీక్షలో లేనిది సరిగ్గా ఇదే. ఏటా పూర్తిగా కొత్త పేపరు ఇస్తూ ఏటి శాతాలను పోల్చుకుంటూ పోతాం.

చిన్న జట్టు పిల్లలు పసివాళ్లుగా ఉన్నప్పుడే 2002 నైరుతి రుతుపవనం దేశమంతటా విఫలమైంది. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. పసితనపు కరవు వల్ల కుంగిన పిల్లల ఎదుగుదల బడిలో భోజనం తిన్నాక చాలావరకు కోలుకుందని సింగ్, పార్క్, డెర్కాన్ ఇదే సమాచారంతో 2014లో చూపారు. పదో తరగతి గదిలో కూర్చున్న పిల్లవాడి మార్కులో ఈ సంవత్సరపు గురువుతోపాటు పదిహేనేళ్ల కిందటి వానా, ఆరేళ్ల వయసులో తిన్న పప్పన్నమూ ఉన్నాయి.

జాతీయ సర్వేలు

జాతీయ సాధన సర్వే 2017 నవంబరు 13న, 2021 నవంబరు 12న జరిగింది. ఇది బడిలో ఆ రోజు ఉన్న పిల్లలను చూస్తుంది. ‘అసర్’ ఇంటికి పోతుంది, అదీ పల్లెల్లోనే. జాతీయ సర్వే చూపే రాష్ట్రాల సగటులు ఇతర స్వతంత్ర సర్వేల కంటే ఎక్కువగా ఉన్నాయని, రాష్ట్రాల వరుసలకు కూడా పొందిక తక్కువని జాన్సన్, పరాదో 2021లో చూపారు. 2021 దాకా 3, 5, 8 తరగతులకు ప్రధానంగా జరిగిన ఈ సర్వేను 2024 డిసెంబరు 4న ‘పరఖ్’ పేరుతో 3, 6, 9 తరగతులకు పెట్టారు. కాబట్టి ఐదో తరగతి పాత అంకెకూ ఆరో తరగతి కొత్త అంకెకూ మధ్య బాణం గుర్తు గీయడానికి లేదు.

పరీక్ష తేదీ కూడా తేడా తెస్తుంది. పక్క తమిళనాడులో 2021 డిసెంబరులో పరీక్షించిన పల్లె పిల్లలు కరోనాకు ముందటి జట్టు కంటే లెక్కల్లో 0.7 ప్రామాణిక విచలనం వెనకబడ్డారు. బడులు తెరిచాక ఆరు నెలల్లోనే ఆ నష్టంలో మూడింట రెండు వంతులు పూడిందని సింగ్, రొమేరో, మురళీధరన్ చూపారు. ఆరు నెలలు అటూ ఇటూ అయితే అదే పిల్లల గురించి రెండు వేర్వేరు కథలు రాసుకునేవాళ్లం.

2024 డిసెంబరులో ‘పరఖ్’ మూడో తరగతి పరీక్ష రాసిన పిల్లలు 2027–28లో ఆరో తరగతికి వస్తారు. వాళ్లలో చాలామంది 2016 ప్రాంతంలో పుట్టినవాళ్లు. అనంతపురం పల్లెల్లో 2016, 2018 రెండూ కరవు సంవత్సరాలే.